తేమను తూచే కాంతి: తంతువుల అతుకు కథ

వరంగల్ పట్టణమును ఆనుకొని ఉన్న ఎనుమాముల మార్కెట్టు యార్డులోనికి పత్తి బండ్లు వచ్చే రోజులలో రైతు నోట వచ్చే మొదటి మాట ధర. కొనేవాని నోట వచ్చే మొదటి మాట తేమ. కాటన్ కార్పొరేషన్ వారు మద్దతు ధరకు పత్తి కొనునపుడు తేమ 8 శాతము వరకు ఉంటే పూర్తి ధర ఇస్తారు. 8 దాటి 12 వరకు ఉంటే, ఎక్కువైన ప్రతి శాతమునకు ధర తగ్గిస్తారు. 12 దాటితే అసలు కొనరు. వడ్లకైతే ఈ హద్దు 17 శాతము. ఒక్క శాతము తేమ అంటే క్వింటాలులో ఒక కిలో నీరు. బండి వెనుకకు తిప్పుకొని పోవలెనా, కాంటా దగ్గరకు తోలుకొని పోవలెనా అన్నది ఈ కిలో, రెండు కిలోల నీటి మీద ఆధారపడి ఉన్నది.

మరి ఆ నీటిని కొలవడము ఎట్లా? పెద్దలు వడ్ల గింజను పంటి కింద పెట్టి కొరికి, అది పలికే చప్పుడును బట్టి చెప్పేవారు. పత్తిని పిడికిట పట్టి నొక్కి, వదలినపుడు అది ఉబికే తీరును బట్టి చెప్పేవారు. అనుభవజ్ఞుని అంచనా తరచు నిజమే అవుతుంది. కాని అమ్మేవాని పిడికిలి ఒక మాట, కొనేవాని పిడికిలి ఒక మాట చెప్పినపుడు తీర్పు చెప్పేది ఎవరు? ప్రయోగశాలలో వాడే నికరమైన పద్ధతి వేరు. సరుకును తూచి, నీరు మరిగే వేడిమికి కొంచెము పైన పొయ్యిలో గంటల తరబడి ఎండబెట్టి, మరల తూచవలెను. తగ్గిన బరువే నీరు. ఇది నమ్మదగిన పద్ధతే గాని, బారులు తీరిన బండ్ల ముందు ఎవరు అంతసేపు ఆగుతారు? అందుకే మార్కెట్టులో సూదులు గుచ్చి విద్యుత్ నిరోధమును చూచే చిన్న మీటర్లు వచ్చినవి. తడిసిన వస్తువులో విద్యుత్తు సులభముగా పోతుంది. పొడి వస్తువులో పోదు. అయితే ఆ మీటరు చెప్పేది సూది గుచ్చిన చోటి సంగతి మాత్రమే.

నీటిని ముట్టుకొనకుండా, ఎండబెట్టకుండా, వెలుగుతో కొలిచే ఉపాయము ఇంకొకటి ఉన్నది. ఫ్యాక్టరీలలో గొట్టముల వెంట పారే పిండి, మందుల పొడి, చమురు మొదలైనవాటిలో తేమను, ఇంకా అనేక పదార్థములను ఈనాడు ఆ ఉపాయముతోనే కొలుస్తున్నారు. దాని చరిత్ర 1800 సంవత్సరములో ఒక థర్మామీటరు దగ్గర మొదలై, రెండు గాజు తంతువుల అతుకు దగ్గరకు వచ్చి చేరింది.

విలియం హెర్షెల్ మొదట సంగీత విద్వాంసుడు. జర్మనీలోని హానోవరు నుండి ఇంగ్లండుకు వచ్చి, బాత్ నగరములో ఆర్గన్ వాయిస్తూ, తీరిక వేళలలో తన చేతులతోనే దూరదర్శినులు చేసుకొన్నాడు. 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్నాడు. సూర్యుని చూచేటందుకు రంగుటద్దములు వాడుతుండగా, కొన్ని అద్దములలో వెలుగు తక్కువైనా వేడి ఎక్కువగా తగులుతున్నట్లు గమనించినాడు. ఏ రంగులో ఎంత వేడి ఉన్నదో చూడదలచి, 1800లో పట్టకముతో సూర్యకాంతిని విడదీసి, రంగు రంగులో థర్మామీటరు పెట్టినాడు. ఊదా నుండి ఎరుపు వైపు పోయేకొద్ది వేడి పెరిగింది. అంతటితో ఆపక, ఎరుపు దాటి, కంటికి ఏమీ కనపడని చీకటి చోట థర్మామీటరు పెట్టగా అక్కడ ఇంకా ఎక్కువ వేడి కనిపించింది. కనిపించని వెలుగు ఉన్నదని లోకమునకు తెలిసినది అప్పుడే. దానినే మనము పరారుణ కిరణములు అంటున్నాము. ఎరుపును ఆనుకొని, సుమారు 780 నానోమీటర్ల నుండి 2500 నానోమీటర్ల వరకు ఉన్న భాగము సమీప పరారుణము.

తరగతి గదిలో దీనిని చూపడము ఈనాడు చాలా తేలిక. టెలివిజన్ రిమోటు ముందుభాగమున ఉన్న చిన్న బల్బును ఫోను కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కితే, కంటికి కనపడని వెలుగు కొన్ని కెమెరాలలో తెల్లగానో ఊదాగానో మెరుస్తుంది. అది సమీప పరారుణమే.

ఈ కిరణములు నీటిని ఎట్లా గుర్తిస్తాయి? నీటి అణువులో ఆక్సిజనుకు, హైడ్రోజనుకు మధ్య ఉన్న బంధము స్ప్రింగు వంటిది. అది తనకు తగిన పౌనఃపున్యముతో సాగుతూ ముడుచుకొంటూ ఉంటుంది. ఆ పౌనఃపున్యమునకు సరిపోయే కిరణము తగిలితే దానిని మింగివేస్తుంది. ఆ కిరణపు తరంగ దైర్ఘ్యము సుమారు 3 మైక్రాన్లు, అంటే 3000 నానోమీటర్లు. వీణ తీగను మీటినపుడు ప్రాథమిక స్వరముతో పాటు, దానికి రెట్టింపు, మూడు రెట్లు పౌనఃపున్యము గల అతిస్వరములు కూడ సన్నగా వినిపిస్తాయి గదా. అణువుల బంధములకు కూడ అతిస్వరములు ఉన్నవి. నీటి మొదటి అతిస్వరము 1450 నానోమీటర్ల దగ్గర పడుతుంది. సాగుడు, వంగుడు అనే రెండు కదలికలు కలసి వచ్చిన పట్టీ ఒకటి 1940 దగ్గర పడుతుంది. ఇక్కడ అతిస్వరము ప్రాథమిక స్వరము కంటె చాలా బలహీనము.

1881 ప్రాంతమున ఇంగ్లండులో ఆబ్నీ, ఫెస్టింగ్ అనే ఇరువురు పరారుణము తగిలినా మారే ఫోటోగ్రాఫ్ పలకలు తయారుచేసి, ద్రవములలో సమీప పరారుణ పట్టీలను మొదటిసారి చిత్రించినారు. ఏ పట్టీ ఏ అణు సముదాయము వలన వచ్చినదో చెప్పవచ్చునని వారికి తోచినది. 1905లో అమెరికాలో కోబ్లెంజ్ అనే శాస్త్రజ్ఞుడు అనేక పదార్థముల పరారుణ వర్ణపటములను గ్రంథముగా ప్రకటించినాడు.

వర్ణపట విజ్ఞానమునకు తెలుగు నేలమీద మంచి పునాది ఉన్నది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన కొచ్చర్లకోట రంగధామరావు గారు పరమాణు, అణు వర్ణపటముల అధ్యయనమునకు ఒక సంప్రదాయమునే నెలకొల్పినారు. రామన్ 1928లో తన పేరిట ప్రసిద్ధమైన ఫలితమును ప్రకటించిన ఏడాదే ఆయన శిష్యుడైన సూరి భగవంతం గారు తరువాత వాల్తేరులో, హైదరాబాదులో బోధించినారు. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయములో పరారుణ వర్ణపటములపై పనిచేసిన కె. నరహరిరావు గారు, ఇరువురు సహచరులతో కలసి పరారుణ తరంగ దైర్ఘ్య ప్రమాణములపై వ్రాసిన గ్రంథము 1966లో వెలువడింది.

అయితే ఇంతమంది ఇన్ని దేశములలో పనిచేస్తున్నా, రసాయన శాస్త్రజ్ఞులు సమీప పరారుణమును చాలా కాలము బీడుగానే వదలివేసినారు. మధ్య పరారుణములో పట్టీలు సన్నగా, విడివిడిగా, వేలిముద్రల వలె ఉంటాయి. సమీప పరారుణములో అవి వెడల్పుగా, ఒకదానిమీద ఒకటి పడి కలసిపోతాయి. తిరునాళ్ళలో పదిమంది ఒక్కసారి మాట్లాడుతుంటే ఎవరి మాట ఏదో తెలియనట్లే, గోధుమ గింజ వర్ణపటములో నీరు ఏదో, పిండి పదార్థము ఏదో, మాంసకృత్తు ఏదో విడదీయడము కుదరలేదు.

ఆ బీడును దున్నినవాడు రసాయన శాస్త్రజ్ఞుడు కాడు, ఇంజనీరు. అమెరికా వ్యవసాయ శాఖవారి బెల్ట్స్‌విల్ పరిశోధనా కేంద్రములో పనిచేసిన కార్ల్ నారిస్ మొదట కోడిగుడ్ల జోలికి పోయినాడు. పెంకు పగులగొట్టకుండా గుడ్డు గుండా కాంతిని పంపి, లోపల రక్తపు చుక్క ఉన్నదో లేదో చెప్పే యంత్రముపై కృషి చేసినాడు. అక్కడి నుండి దృష్టి గింజలలోని తేమ మీదకు మళ్ళినది. 1962లో హార్ట్, నారిస్, గోలంబిక్ అనే ముగ్గురు ఒక పద్ధతి ప్రకటించినారు. విత్తనములను మిథనాలులో నానబెట్టి, నీటిని అందులోనికి దించి, ఆ ద్రవములో నీటి పట్టీని కొలిచేవారు. తరువాత కొద్ది సంవత్సరములలోనే నానబెట్టే పని కూడ లేకుండా, నేరుగా గింజ మీదనే, మాంసము మీదనే కాంతి వేసి చదవడము సాధ్యమైనది. 1968లో మాంసములోని కొవ్వును, తేమను ఈ విధముగా కొలిచిన వ్యాసమును నారిస్, బెన్ గెరా కలసి ప్రకటించినారు.

నారిస్ చేసినదేమంటే, కలగాపులగముగా ఉన్న పట్టీలను విడదీయాలని పట్టుపట్టలేదు. అనేక తరంగ దైర్ఘ్యముల వద్ద కాంతిని కొలిచి, పొయ్యి పద్ధతిలో వచ్చిన తేమ అంకెలతో వాటిని గణితము ద్వారా ముడివేసినాడు. ఆ లెక్కలు చేసేటందుకు కంప్యూటరు అప్పటికి చేతికి అందివచ్చినది. అతిస్వరములు బలహీనమైనవన్న దోషము కూడ ఇక్కడ గుణముగా మారినది. నీరు బలముగా మింగే ప్రాథమిక పట్టీ దగ్గర కాంతి మైక్రాన్ల మందము దాటేసరికే ఆరిపోతుంది. బలహీనమైన పట్టీ దగ్గర గింజల పొర గుండా చొచ్చుకొని పోయి తిరిగి వస్తుంది. అందువలన సరుకును పలుచని పొరగా తయారుచేయనక్కరలేదు.

మాంసకృత్తులను కొలిచేటందుకు అంతవరకు వాడిన పద్ధతి 1883లో కోపెన్‌హేగనులో కెల్దాల్ కనిపెట్టినది. గంధకికామ్లములో సరుకును ఉడికించి నత్రజనిని లెక్కకట్టవలెను. 1975లో కెనడా ధాన్య సంస్థలో ఫిల్ విలియమ్స్ పూనికతో గోధుమ పరీక్షకు దాని స్థానే సమీప పరారుణ యంత్రములను ప్రవేశపెట్టినారు. ఆమ్లపు పొగలలో నిలబడి చేసిన పని కొద్ది నిమిషములలో ముగిసే పని అయినది.

ఇంతవరకు బాగున్నది. కాని ఈ యంత్రములన్నిటి వద్దకు సరుకు నడిచి రావలెను. గిన్నెలో పోసి, యంత్రములో పెట్టి, మూత వేయవలెను. ఫ్యాక్టరీలో అట్లా కుదరదు. గొట్టములో వేడిగా పారే ద్రవమునో, ఆరబెట్టే యంత్రములో ఎగిరే పొడినో క్షణక్షణము చూడవలెనంటే, సరుకు దగ్గరకు కాంతియే నడిచిపోవలెను. నిప్పురవ్వ పడితే అంటుకొనే ద్రావకములు ఉన్న చోట యంత్రమును పెట్టనూ కూడదు. అది దూరముగా, చల్లని గదిలో ఉండవలెను. మధ్య నూరు మీటర్ల దారిలో కాంతిని మోసుకొని పోయేది ఎవరు?

కాంతి తిన్నగా పోతుందని బడిలో చదువుకొంటాము. దానిని వంకరగా నడిపించవచ్చునని 1841లో జెనీవాలో కొలాడన్ నీటి ధారలో చూపినాడు. 1854లో లండనులో టిండాల్ అదే ప్రయోగమును సభికుల ముందు చేసినాడు. ఉపాధ్యాయులు దీనిని ఒక ప్లాస్టిక్ సీసాతో చేసి చూపవచ్చును. సీసా పక్కన చిన్న రంధ్రము చేసి, నీరు ధారగా పడుతుండగా, రంధ్రమునకు ఎదుటి వైపు నుండి సీసాలో గుండా లేజరు పాయింటరు వెలుగును రంధ్రము మీదికి పంపితే, వెలుగు నీటి ధారతో పాటు వంగి కిందకు దిగుతుంది. విద్యార్థుల కన్నులలో లేజరు పడకుండా చూచుకొనవలెను. నీటి లోపల నుండి ఏటవాలుగా వచ్చి గాలి అంచును తాకిన కిరణము, సందిగ్ధ కోణము దాటి ఉంటే బయటకు పోలేదు, వెనుకకే మరలుతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనము.

నీటి ధార బదులు గాజు పోగు వాడవచ్చును. పంజాబులోని మోగాలో 1926లో పుట్టి, లండను ఇంపీరియల్ కాలేజీలో హాప్కిన్స్ వద్ద పరిశోధన చేసిన నరీందర్ సింగ్ కపానీ, వేలకొలది గాజు పోగులను కట్టగా కట్టి వాటి గుండా ఒక బొమ్మను పంపి చూపినాడు. ఆ వ్యాసము 1954 జనవరి 2 నాటి నేచర్ పత్రికలో వచ్చినది. అదే సంచికలో హాలెండు దేశీయుడైన వాన్ హీల్ వ్రాసిన వ్యాసములో ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది. పోగులు ఒకదానికొకటి తగిలిన చోట కాంతి ఒకదానిలో నుండి ఒకదానిలోనికి కారిపోతుంది. అట్లా కాకుండా ప్రతి పోగుకు తక్కువ వక్రీభవన గుణకము గల పదార్థముతో తొడుగు వేయవలెనని ఆయన చూపినాడు. 1956లో మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి కర్టిస్ గాజు తొడుగుతోనే పోగు తీసినాడు. ఈనాటి ప్రతి కాంతి తంతువుకు లోపల గర్భము, దాని చుట్టు ఈ తొడుగు ఉన్నవి.

అప్పటి గాజులో కాంతి కొద్ది మీటర్లకే నీరసించేది. చైనాలో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన చార్లెస్ కావ్, తన సహచరుడు హాకమ్‌తో కలసి, లోపము గాజుది కాదు, గాజులోని మలినములది అని 1966లో వాదించినాడు. కిలోమీటరుకు 20 డెసిబెల్లకు నష్టము తగ్గిస్తే, అంటే కిలోమీటరు చివర నూరింట ఒక వంతు కాంతి మిగిలితే చాలు, వార్తలు పంపవచ్చునని లెక్క చెప్పినాడు. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవారు 17 డెసిబెల్లకు దించినారు. కావ్‌కు నోబెల్ బహుమానము 2009లో వచ్చినది. అప్పటికి లోకమంతటా టెలిఫోను మాటలు తంతువులలోనే నడుస్తున్నవి.

టెలిఫోనుకు పనికివచ్చిన తంతువు తేమ కొలిచేవానికి అట్లాగే పనికిరాదు. టెలిఫోను తంతువు గర్భము 9 మైక్రాన్లు. మన తల వెంట్రుకలో ఎనిమిదో వంతు ఉంటుంది. లేజరు కాంతిని దానిలో దూర్చవచ్చును గాని, విశ్లేషణ యంత్రములోని దీపపు కాంతిని దూర్చడము సూది బెజ్జములో చేదతో నీరు పోసినట్లే. అందుకే ఇక్కడ 200 నుండి 600 మైక్రాన్ల గర్భము గల లావు తంతువులు వాడుతారు. ఇంకొక తమాషా ఉన్నది. గాజు తయారయేటప్పుడు దానిలో ఇరుక్కొన్న నీటి అవశేషము, అనగా హైడ్రాక్సిల్, 1380 నానోమీటర్ల దగ్గర తానే కాంతిని మింగుతుంది. పది లక్షలలో ఒక్క వంతు ఉన్నా కిలోమీటరుకు సుమారు 50 డెసిబెల్లు పోతుంది. నీటిని కొలవబోయిన కాంతికి దారిలోనే నీటి నీడ పడినదన్నమాట! ఆ అవశేషమును తీసివేసిన ప్రత్యేకమైన సిలికా తంతువులనే దీనికి వాడవలెను. అయినా 2200 నానోమీటర్లు దాటిన తరువాత సిలికా స్వయముగా కాంతిని మింగడము మొదలుపెడుతుంది. కనుక దూరము ఎక్కువైతే 1940 నాటి బలమైన పట్టీని వదలి 1450 వంటి పట్టీలతో సరిపెట్టుకొనవలసి వస్తుంది.

1980లలో ఈ రెండు చరిత్రలు, నారిస్ గణితము, కపానీ తంతువు, ఒకటిగా కలసినవి. 1984లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో కర్మాగార విశ్లేషణకే ఒక కేంద్రము వెలసింది. అక్కడి కాలిస్ బృందము పెట్రోలు ఆక్టేన్ సంఖ్యను సమీప పరారుణముతో చెప్పవచ్చునని 1989లో చూపినది. 2004లో అమెరికా ఔషధ శాఖవారు మందుల తయారీలో సరుకును ఆఖరున పరీక్షించడము కాక, తయారగుచుండగానే కొలవవలెనని మార్గదర్శక పత్రము వెలువరించిన తరువాత మందుల ఫ్యాక్టరీలలో ఈ పద్ధతికి గిరాకి పెరిగింది.

ఇక అసలైన చిక్కు అతుకు దగ్గర ఉన్నది. యంత్రము నుండి వచ్చిన తంతువును, గొట్టములో దిగిన ప్రోబు తంతువుతో కలపవలెను. రాగి తీగలైతే రెండు కొనలు మెలివేసి టేపు చుడితే విద్యుత్తు పోతుంది. కాంతి అట్లా పోదు. రెండు కొనలు అద్దము వలె నునుపుగా ఉండి, ఒకదాని కన్ను ఇంకొకదాని కన్నుకు సూటిగా ఎదురుపడవలెను. 400 మైక్రాన్ల తంతువులు రెండు, 40 మైక్రాన్లు మాత్రమే పక్కకు జరిగినవనుకొందాము. అంటే మిల్లీమీటరులో ఇరవై ఐదో వంతు. వృత్తములు రెండు ఒకదానిపై ఒకటి ఎంత కప్పుతాయో రేఖాగణితముతో లెక్కవేస్తే, నూటికి 13 వంతుల కాంతి పోయినట్లు తేలుతుంది. తొమ్మిదో తరగతి విద్యార్థి కూడ గ్రాఫు కాగితము మీద ఈ లెక్కను సరిచూడవచ్చును.

లావు తంతువు నుండి సన్న తంతువుకు కలిపితే నష్టము ఇంకా ఘోరము. 600 మైక్రాన్ల నుండి 400 మైక్రాన్లకు పోతే వైశాల్యముల నిష్పత్తి 36కు 16. సగము కంటె ఎక్కువ కాంతి అతుకు దగ్గరే నేలపాలు. అదే తంతువులను తిప్పి, సన్న దాని నుండి లావు దానికి కలిపితే ఈ నష్టము ఉండదు. సరుకు వైపు పోయే దారిలోను, తిరిగివచ్చే దారిలోను కూడ తంతువులు లావెక్కవలెనే గాని సన్నగిల్లరాదు. ఈ చిన్న సంగతి తెలియక రెండు తంతువులను తారుమారు చేసి, యంత్రము పాడైనదని అనుకొనేవారు ఉంటారు.

కర్మాగార యంత్రములలో ఎక్కువగా కనపడే కనెక్టరు పేరు ఎస్.ఎం.ఎ. 905. ఇది మొదట రేడియో పనిముట్ల కొరకు పుట్టిన మరబిగింపు. తరువాత తంతువులకు అమర్చుకొన్నారు. మూడు మిల్లీమీటర్లకు పైచిలుకు లావు గల లోహపు గొట్టములో తంతువును జిగురుతో అతికించి, కొనను క్రమముగా సన్నబడే గరుకు కాగితములపై రుద్ది మెరుగు పెడతారు. ఇటువంటివి రెండింటిని ఎదురెదురుగా బిగిస్తే, కొనలు తాకకుండా నడుమ సన్నని గాలి సందు మిగులుతుంది. తాకకపోవడము వలన గీతలు పడవు. కాని గాజు నుండి గాలికి, గాలి నుండి గాజుకు మారునపుడు ఒక్కొక్క ముఖము నూటికి మూడున్నర వంతుల చొప్పున కాంతిని వెనుకకు కొడుతుంది. రెండు ముఖములకు 7 వంతులు. మరను అతిగా బిగిస్తే ఆ సందు మూసుకొనిపోయి గాజు గాజును నూరుతుంది. వదులుగా ఉంటే పక్కనున్న పంపు అదురుకు మర ఊడివస్తుంది. ఈ కనెక్టరుకు గాడి లేదు. అంటే ఇట్లే పెట్టవలెనని నిర్ణయించే గుర్తు లేదు. ఊడదీసి మరల పెట్టినపుడు కొంచెము తిరిగి కూర్చుంటుంది. వార్తలు పంపేవారి ఎఫ్.సి. కనెక్టరుకు గాడి ఉన్నది.

నూటికి ఏడు, పదమూడు పోతే ఏమి? మిగిలిన కాంతి చాలదా అని అడుగవచ్చును. చాలును. పోయిన కాంతి వలన భయము లేదు; పోయినది నిన్న ఒక తీరుగా, ఈనాడు ఒక తీరుగా పోవడమే భయము. యంత్రము కొలిచేది శోషణాంకము: పంపిన కాంతిని అందిన కాంతితో భాగించి, 10 ఆధారముగా తీసిన లాగరిథము. కాంతి నూటికి 2.3 వంతులు తగ్గితే శోషణాంకము 0.01 పెరుగుతుంది. ఆ కాంతిని నీరు మింగినదా, అతుకులో పడిన దుమ్ముకణము మింగినదా అన్నది కాంతిని అందుకొనే పరికరమునకు తెలియదు. నూటికి పదమూడు పోయిన మన జరుగుబాటు లెక్కలో అయితే శోషణాంకము 0.06 మేరకు మారుతుంది. మరమ్మతుకు వచ్చినవాడు కనెక్టరును ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, తిరిగి బిగించి పోయిన మరుక్షణము సరుకులో తేమ మారినట్లు కాగితము మీద గీత లేస్తుంది. ఆ గీతను నమ్మి పొయ్యి మంట పెంచితే సరుకు మాడుతుంది.

దుమ్ము అన్ని తరంగ దైర్ఘ్యములను సమానముగా ఆపితే చిక్కు చిన్నదే. వర్ణపటము మొత్తము ఒక మెట్టు పైకి జరుగుతుంది, అంతే. నారిస్ ఇందుకు గణితములోనే మందు చెప్పినాడు. రేఖ ఎత్తును కాక, దాని వాలు మారే తీరును, అనగా అవకలజములను తీసికొంటే మెట్టు మాయమైపోతుంది. కాని గాలి సందు చేసే కొంటెపని ఇంకొకటి ఉన్నది. రెండు ముఖములు చక్కగా సమాంతరముగా ఉంటే, సబ్బు బుడగ మీద రంగులు వచ్చిన సూత్రముతోనే, వాటి నడుమ కాంతి ముందుకు వెనుకకు తిరిగి వర్ణపటములో అలలు లేపుతుంది. సందు 50 మైక్రాన్లు అయితే 1450 దగ్గర ఒక అల నుండి ఇంకొక అలకు దూరము 21 నానోమీటర్లు. ఆ అల చూచేటందుకు ఒక పదార్థపు పట్టీ వలెనే ఉంటుంది. అవకలజము దానిని తీసివేయదు సరికదా, ఇంకా పెద్దది చేసి చూపుతుంది! తంతువును కొత్తగా వంచినా, చుట్ట చుట్టినా లోపల కాంతి పోయే కోణములు మారి ఇటువంటి మాయలు కొన్ని జరుగుతాయి. అందుకే అనుభవము గల ఇంజనీర్లు తంతువును ఒకసారి కదలకుండా బిగించిన తరువాత దానిని ముట్టనివ్వరు.

అతుకు లేని దారియే మేలైన దారి. వీలైనచోట యంత్రము నుండి ప్రోబు వరకు ఒకే తంతువును నడుపుతారు. నడుమ తెగితే, విద్యుత్ మెరుపుతో రెండు కొనలను కరిగించి ఏకము చేసే పద్ధతి ఉన్నది. అట్లా కలిపిన చోట గాలి సందు ఉండదు, తిరుగుడు ఉండదు. అయితే లావు తంతువులను కరిగించి కలపడానికి ప్రత్యేకమైన యంత్రము, నేర్పు కావలెను. తప్పనిసరిగా కనెక్టరు పెట్టినచోట, ఊడదీసిన ప్రతిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో నూలు రాలని గుడ్డ తడిపి తుడిచి, భూతద్దములో కొనను చూచి, బిగించి, సరుకు లేని ఖాళీ దారి కాంతిని మరల కొలిచి కొత్త ఆధారరేఖ గీసుకొనవలెను. కొన్ని యంత్రములలో సరుకు దగ్గరకు పోకుండా తిరిగివచ్చే జంట తంతువు ఒకటి అదే దారిలో నడుస్తుంది. దీపము మసకబారినా, దారిలో ఎండ తగిలినా ఆ జంట తంతువు పసిగట్టి చెబుతుంది. ప్రోబు కనెక్టరులో పడిన దుమ్మును మాత్రము అది చూడలేదు.

వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిననాటికి కపానీ వ్యాసము వచ్చి అయిదేండ్లు మాత్రమే. దేశములో ఆ తరహా కళాశాలలలో అది మొదటిది. 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారినది. అక్కడి భౌతికశాస్త్ర విభాగమువారు 2010 తరువాతి సంవత్సరములలో కాంతి తంతువులతో కంపనములను కొలిచే సెన్సార్లపై పరిశోధన పత్రములు ప్రకటించినారు. అందులో కొన్నింటి సూత్రము విశ్లేషణ యంత్రము వారిని వేధించే సందే. కట్టగా ఉన్న తంతువులలో కొన్ని కాంతిని పంపుతాయి. ఎదురుగా కొద్ది దూరములో ఉన్న మెరిసే తలము మీద పడి తిరిగివచ్చిన కాంతిని మిగిలినవి అందుకొంటాయి. తలము కొంచెము దగ్గరైనా దూరమైనా అందే కాంతి మారుతుంది. తేమను కొలిచేవాడు సందు కదలరాదని కోరుకొంటాడు. ఇక్కడ సందు ఎంత కదిలినదో దానినే లెక్కించి, నడుస్తున్న ఇంజను ఎంత అదురుతున్నదో దానిని ముట్టకుండానే చెబుతారు.